ఉక్కు డేగ పంతొమ్మిదో సంచిక కోసం గుడియాత్తం దాకా

మదనపల్లె నుంచి వేలూరు పోయే మొదటి బస్సులో ఎక్కువమంది ఆసుపత్రికి పోయేవాళ్ళే ఉంటారు. ఒళ్ళో స్కానింగు కవర్లు, కాళ్ళ దగ్గర టిఫిను క్యారియర్లు, కిటికీకి తల ఆనించుకున్న మగవాళ్ళు. శనివారం తెల్లవారి ఐదుంబావుకు నేను ఆ బస్సు ఎక్కాను. నాకు జబ్బేమీ లేదు. ఒక పుస్తకం కోసం పోతున్నాను.

పుంగనూరులో ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దావిడ, బస్సు ఊరు దాటకముందే అడిగింది.

"ఎవరికమ్మా బాగలేదు?"

"ఎవరికీ కాదు. ఒక బొమ్మల పుస్తకం కోసం పోతున్నా. రెక్కలు కట్టుకుని ఎగిరే మనిషి కథ."

"పిల్లోళ్ళకా?"

"నాకే."

ఆవిడ కాసేపు నా ముఖం చూసింది. "అయితే నువ్వు కూడా ఒకసారి చూపించుకో తల్లీ, ఎట్లాగూ ఆసుపత్రి ఊరికే పోతా ఉండావు కదా" అని నవ్వింది. నేనూ నవ్వాను. పన్నెండేళ్ళుగా ఈ నవ్వు చూస్తూనే ఉన్నాను, అలవాటైపోయింది.

నాకు నలభై ఏడేళ్ళు. ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. నాకు పదకొండేళ్ళప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. రోజుకు పావలా. అక్కడ చదివేదాన్ని 'ఉక్కు డేగ' మాసపత్రిక. పగలంతా గడియారాలు బాగుచేసుకునే ఒక మామూలు మనిషి, ఆపద వచ్చిందంటే ఉక్కు రెక్కలు కట్టుకుని ఎగురుతాడు. పద్దెనిమిదో సంచిక చివరి బొమ్మలో అతని రెక్కలకు నిప్పంటుకుంది. పెద్ద జలాశయం మీద తలకిందులుగా పడిపోతున్నాడు. తరువాతి నెల ఏమైందో చూద్దామని పోతే కొట్టుకు తాళం. కొట్టాయన ఊరు విడిచి వెళ్ళిపోయాడు.

పన్నెండేళ్ళ కిందట, చేతిలో నాలుగు డబ్బులు ఆడాక, ఆ పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను. తిరుపతి, విజయవాడ, బెంగుళూరు ఫుట్‌పాత్‌లు తిరిగాను. మొత్తం ముప్పై రెండు సంచికలు వచ్చాయి. వాటిలో ముప్పై ఒకటి మా ఇంటి బీరువాలో, ఒక్కొక్కటి ప్లాస్టిక్ కవరులో, వెనక అట్టముక్కతో ఉన్నాయి. లేనిది పంతొమ్మిది. ఇరవయ్యో సంచికలో ఉక్కు డేగ మళ్ళీ ఎగురుతూ కనిపిస్తాడు. కానీ ఎడమ చేతికి ఒక నల్లపట్టీ ఉంటుంది. ఆ పట్టీ చివరి సంచిక దాకా ఉంటుంది. ఎందుకు కట్టుకున్నాడో ఎక్కడా చెప్పరు. నాలా ఇవి కూడబెట్టే ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఆ సంచిక మన జిల్లాలకు రానేలేదని, వెతకడం దండగని అన్నారు. నేను ఆ మాట నమ్మలేదు.

వేలూరులో ధనపాల్ అనే పాత పేపర్ల వ్యాపారికి ఆరేళ్ళ కిందట నా నంబరు ఇచ్చి, తెలుగు బొమ్మల పుస్తకం ఏది వచ్చినా ఫోటో తీసి పంపమని చెప్పి వచ్చాను. మొన్న గురువారం మధ్యాహ్నం ఫోటో వచ్చింది. అట్ట మీద రెక్కల మనిషి, కుడివైపు మూల 19. మైక్రోస్కోపు ముందు కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఎవరికీ ఇవ్వొద్దు, శనివారం వస్తున్నా అని అప్పుడే ఫోన్ చేసి చెప్పాను.

మొగిలి ఘాటు దిగి చిత్తూరు దాటేసరికి ఎనిమిదిన్నర. కాట్పాడి మీదుగా పాలారు వంతెన దాటి వేలూరు కొత్త బస్టాండులో దిగేసరికి తొమ్మిదీ నలభై. బస్టాండు ఎదురుగా హోటల్లో పొంగలి, వడ తిన్నాను. పొంగలిలో మిరియాలు బాగా పడ్డాయి. అక్కడినుంచి ఆటోలో లాంగ్ బజారు. ధనపాల్ కొట్టు బజారు వెనక సందులో ఉంది. పదిన్నరకు తెరిచాడు. నన్ను చూడగానే తల గోక్కున్నాడు. నాకు అప్పుడే అర్థమైంది.

"తప్పుగా అనుకోవద్దు మేడం. నిన్న సాయంత్రం ఆ బుక్కు ఇంటి యమ్మ వచ్చేసింది. నా మొగుని బుక్కు యాడ పెట్టినావు అని ఒకటే ఏడుపు. తీసి ఇచ్చేసినాను."

"నాకు ఒక్క ఫోన్ చేసి ఉండొచ్చు కదా?"

"చేసుంటే మీరు వచ్చుండరు. వస్తే ఇంకేమన్నా కొంటారని" అని నిజమే చెప్పాడు.

కోపం వచ్చింది, కానీ అబద్ధం ఆడనందుకు కొంచెం తగ్గింది. అతని కొట్లో గంటసేపు కట్టలు విప్పి చూశాను. దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. ఆమె ఎవరని అడిగాను.

"పేరు తెలీదు. గుడియాత్తం, నెల్లూరుపేట అనింది. లుంగీ మగ్గం ఇల్లు. కొడుకు ఇల్లు సర్దతా పాత పేపర్లతో కలిపి వేసేసినాడంట. వదిలెయ్యండి మేడం. ఆ యమ్మ ఇయ్యదు."

పేరు లేదు, ఇంటి నంబరు లేదు. ఉన్నది పేట పేరు, నా ఫోనులో ఒక ఫోటో. ఖాళీ చేతులతో మదనపల్లె బస్సెక్కే ఉద్దేశం మాత్రం నాకు లేదు. పన్నెండూ ఐదుకు గుడియాత్తం బస్సులో కూర్చున్నాను.

బస్సు హైవే మీద పళ్ళికొండ దాకా జోరుగా పోయి, అక్కడ చాలాసేపు ఆగింది. నా ముందు సీట్లో నూలు కట్టలతో ఒక ముసలాయన ఉన్నాడు. నెల్లూరుపేటకు ఎట్లా పోవాలని అడిగితే తెలుగులోనే జవాబు చెప్పాడు.

"బస్టాండు కాడ షేర్ ఆటో ఎక్కు. మగ్గం ఇల్లని అడగతా ఉండావు, ఇప్పుడు సగం ఇండ్లలో మగ్గాలు లేవు నాయనా. చప్పుడు వినబడే ఇంట్లోనూ అడుగు, వినబడని ఇంట్లోనూ అడుగు."

ఒంటిగంటన్నరకు గుడియాత్తం చేరాను. సాంబారన్నం తిని షేర్ ఆటోలో పేటలో దిగి, ఆయన చెప్పినట్టే చేశాను. ఇంటింటికీ పోయి ఫోనులో ఫోటో చూపించాను. ఒకరు సామి పటమా అన్నారు, ఒకరు సినిమా పోస్టరా అన్నారు. ఒకాయన నన్ను లోన్ వసూలుకు వచ్చినదాన్ని అనుకుని ఇంట్లో ఎవరూ లేరని చెప్పి తలుపేసుకున్నాడు. ఎండ మాడు మీద ఉంది. పదో ఇంటి అరుగు మీద నా ఈడు ఆమె ఒకతె చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఫోటో చూసి చేట పక్కన పెట్టేసింది.

"అయ్యో, ఇది గోపాలు మామ బుక్కు! ఎగిరే నేతగాడి కథ!"

"నేతగాడు కాదమ్మా" అన్నాను. "గడియారాలు బాగుచేసేవాడు."

"నీకెట్ల తెలుసు? మామ నేతగాడనే చెప్పినాడు. ఆ రెక్కలు మగ్గం మీద నేసినవే. గీతలు చూడు, పోగులు కనపడలేదా?"

ఆమె పేరు సరస. గోపాలు మామ చనిపోయి తొమ్మిదేళ్ళయిందట. లుంగీలు అమ్మడానికి చిత్తూరు పోయినప్పుడు ఆ పుస్తకం కొనుక్కొచ్చాడట. సాయంత్రం మగ్గం దిగినాక పేట పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని ఆ కథ చెప్పేవాడు. సరస ఆ పిల్లల్లో ఒకతె. నన్ను మూడిళ్ళ అవతల గోపాలు ఇంటికి తీసుకుపోయింది.

అక్కడ గోపాలు కోడలు సెల్వి ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుందట. ఆ రోజు సగం దినం షిఫ్టు. నేను వచ్చిన పని చెప్పగానే తల అడ్డంగా ఊపింది.

"అత్త నాట్రంపల్లికి పోయిందక్కా, బందువులింట్లో గృహప్రవేశం. రేపు పొద్దున వస్తాది. బుక్కు కూడా సంచిలో పెట్టుకుని పోయింది. మా ఇంటాయన మీద నమ్మకం పోయిందాయమ్మకి."

రేపు తొమ్మిదికి వస్తానని చెప్పి బస్టాండు పక్కన లాడ్జిలో గది తీసుకున్నాను. ఆరు వందలు. ఫ్యానూ పరుపూ రెండూ బాగానే ఉన్నాయి, బాత్రూములో బకెట్టుకు చెవి లేదు. అమ్మకు ఫోన్ చేసి రాత్రికి రానని చెప్పాను. "దొరికిందా?" అంది. "యాడ ఉందో తెలిసింది" అన్నాను.

ఆదివారం ఉదయం ఇడ్లీ తిని తొమ్మిదింటికి ముందే పోయి కూర్చున్నాను. గోపాలు భార్య మునెమ్మ పదింటికి వచ్చింది. పొడుగ్గా, సన్నగా, అరవై అయిదు దాటిన మనిషి. భుజాన సంచి. సెల్వి సంగతి చెప్పేలోపే ఆమె చేయి సంచి మీదికి పోయింది.

"అమ్మేది లేదు" అంది కూర్చోకుండానే. "ఎంతిచ్చినా అమ్మేది లేదు. టీ తాగి పో నాయనా."

"అమ్మొద్దు పెద్దమ్మా. ఒక్కసారి చదువుకోనీండి. ముప్పై ఆరేళ్ళుగా ఈ కథ కోసం చూస్తున్నా."

ఆమె నా వైపు తిరిగింది. "చదువుతావా? నీకు తెలుగు ఎళుత్తు, అచ్చరాలు వచ్చునా?"

"వచ్చు."

"మాకెవురికీ రాదు. మాట్లాడేది తెలుగే, ఇస్కూల్లో నేర్చింది తమిళం. మా ఆయనకీ రాదు. బొమ్మలు చూసే చెప్పినాడు అంతా." సంచి దించి, లుంగీ గుడ్డలో చుట్టిన పుస్తకం తీసింది. "గట్టిగా చదువు. మేమూ వింటాం."

చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. పుస్తకం గంజి వాసన వేస్తోంది. పిన్నులు తుప్పు పట్టాయి, అట్ట కింది మూల చిరిగింది, మధ్య కాగితాలు మాత్రం గట్టిగా ఉన్నాయి. పేజీలు లెక్కపెట్టాను. ఒక్కటీ పోలేదు. ఈలోగా సరస చేటతో సహా వచ్చింది, వెనకే ఇంకో నలుగురు ఆడవాళ్ళు, ఒక ముసలాయన.

చదవడం మొదలుపెట్టాను. "జలాశయం మీద చీకటి కమ్ముకుంది" అనగానే మునెమ్మ అడ్డం పడింది.

"చీకటి కాదు, మబ్బు. వాన వస్తాదని చెప్పేవాడు."

"ఇక్కడ చీకటి అని ఉంది పెద్దమ్మా."

"సరి సరి, చదువు."

నాలుగో పేజీలో రెక్కల మనుషులు ఇద్దరు కనిపించారు. నేను ఆగి మళ్ళీ చూశాను. జలాశయంలోకి పడిపోతున్నవాడు ఉక్కు డేగ కాదు. అతని తమ్ముడు. అన్నకు చెప్పకుండా రెండో జత రెక్కలు కట్టుకుని, శత్రువుల గురి తన మీదికి మళ్ళించుకున్నాడు. పద్దెనిమిదో సంచిక చివర నేను చూసి ఏడ్చింది ఈ తమ్ముణ్ణి. ఇన్నేళ్ళూ అన్న అనుకున్నాను.

"వీళ్ళిద్దరూ జోడు నేతగాళ్ళు" అని ముసలాయన వివరించాడు. "వాడు పడిపోలేదు. నీళ్ళల్లో బిడ్డ పడిపోతే ఎత్తేదానికి దూకతా ఉండాడు." బొమ్మలో నిజంగానే నీళ్ళల్లో ఏదో చిన్న ఆకారం ఉంది. పడవ ముక్క అని పుస్తకంలో రాసి ఉంది.

ఇరవై మూడో పేజీ తిప్పాను. ఒడ్డున అన్న కూర్చుని ఉన్నాడు. తమ్ముడి తల అతని ఒళ్ళో ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి. మాట రాసి ఉన్న బుడగ ఒకటి. చదవడం ఆపేశాను.

"ఏమి నిలిపేసినావు?" అంది మునెమ్మ.

"ఈ పేజీ..."

"ఏముంటే అది చదువు. నా కోసం మార్చొద్దు."

చదివాను. "తమ్ముడూ, కళ్ళు తెరువు. ఒక్కసారి కళ్ళు తెరువు." కింద చిన్న అక్షరాల్లో, ఆ కళ్ళు ఇక తెరుచుకోలేదు అని ఉంది. తరువాతి బొమ్మలో అన్న తన ఎడమ చేతికి నల్లపట్టీ కట్టుకుంటున్నాడు. చివరి బొమ్మలో ఒంటరిగా పొద్దు వైపు ఎగిరిపోతున్నాడు.

పక్కింట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వస్తోంది. నాకు కళ్ళల్లో నీళ్ళు నిండాయి. తెలుసుకోవాలని ఇంత దూరం వచ్చాను. తెలిసింది ఒక చావు.

"మామ చెప్పింది అది కాదు" అంది సరస గట్టిగా. "వాడు చచ్చిపోలేదు. బిడ్డను ఒడ్డుకు చేర్చి అలసిపోయి నిద్రపోయినాడు. చేతికి గుడ్డ కట్టుకునింది పని మరిచిపోకుండా. నిద్ర లేస్తే ఆకలవుతాదని అన్నం తెచ్చేదానికి పోతా ఉండాడు పెద్దోడు. అంతే కథ."

"అవునవును, అన్నం తెచ్చేదానికి" అన్నారు వెనక ఆడవాళ్ళు.

సెల్వి మెల్లగా, "అత్తా, అక్క చదివింది నేను తమిళ ఎళుత్తులో రాసి పెట్టుకుంటాను. అప్పుడు మనమూ చదువుకోవచ్చు" అంది.

"వద్దు" అంది మునెమ్మ. లేచి లోపలికి పోయింది.

టీ పెట్టి తెచ్చేదాకా నేను ఆ పుస్తకాన్ని ఒళ్ళోంచి దించలేదు. ఆమె రాగానే మనసులో మాట చెప్పేశాను. "పెద్దమ్మా, ఇది నాకు కావాలి. ఎంతయినా ఇస్తాను. ఇవ్వనంటే ప్రతి పేజీ ఫోటో తీసుకోనివ్వండి. రెండూ కాదంటే మళ్ళీ వచ్చే ఆదివారం వస్తాను, ఆ పై ఆదివారమూ వస్తాను."

"పిడివాదం మనిషివే" అంది ఆమె.

పుస్తకాల వేటకు పోయేటప్పుడు మార్పిడికి పనికొస్తుందని, నా దగ్గర రెండేసి ఉన్న సంచికల్లో ఒకటి సంచిలో పెట్టుకోవడం నాకు అలవాటు. ఈసారి ఉన్నది ఇరవయ్యో సంచిక. అది తీసి ఆమె చేతిలో పెట్టాను.

"దీని తరువాతి కథ ఇది."

"ఇంకా ఉండాదా కథ?" ఆమె నోరు తెరిచింది. "ఒకే బుక్కు అనుకున్నామే!"

"మొత్తం ముప్పై రెండు."

పుస్తకం చేతులు మారింది. అందరూ తలలు దగ్గర చేర్చారు. మునెమ్మ పేజీలు తిప్పుతూ, "ఈడ ఒకడే ఉండాడు. రెండోవాడు యాడ?" అంది.

"ఇంకా నిద్ర లేవలేదు" అంది సరస.

ముందు ముసలాయన నవ్వాడు, తరువాత అందరూ నవ్వారు. మునెమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నా ఒళ్ళో ఉన్న పంతొమ్మిదిని తీసుకుని, ఒకసారి అట్ట నిమిరి, నాకే తిరిగి ఇచ్చింది.

"తీసకపో."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు చదివిందాంట్లో మా ఆయన కథ లేదు కదా. ఆ కథ ఈ కాగితాల్లో ఉండాదని ఇన్నేండ్లు దాచిపెట్టినాను. నిన్న కాక మొన్న ఇది పోయినాదని ఆయన పోయినంత ఏడ్చినాను. ఆయన కథ మా నోట్లో ఉండాది. ఇది నీ కథ. నువ్వు తీసకపో." ఇరవయ్యో సంచికను చంకలో పెట్టుకుంది. "ఇది ఈడ పెట్టి పో."

డబ్బు తీయబోతే చేయి పట్టి ఆపింది. పోనీ ఇరవైని కూడా చదివి వినిపించనా అని అడిగాను.

"వద్దు వద్దు. చదివితే మళ్ళా ఎవురినో ఒకర్ని చంపేస్తావు. బొమ్మలు చాలు. మేం చెప్పుకుంటాం."

లుంగీ గుడ్డ మాత్రం ఆమె ఉంచుకుంది. పుస్తకాన్ని నేను తెచ్చిన అట్టముక్కల మధ్య పెట్టుకున్నాను. భోజనం చేయందే పోనివ్వలేదు. రాగిసంగటి, కోడికూర. నేను గడప దాటేసరికి సరస ఇరవయ్యో సంచిక మొదటి పేజీ తెరిచి, "అన్నం తెచ్చినాడు. తెచ్చి చూస్తే..." అని మొదలుపెట్టింది. ఆగి వినాలనిపించింది. కానీ ఒకటింబావు చిత్తూరు బస్సు తప్పితే మళ్ళీ మూడింటి దాకా లేదు.

నాలా పాత పుస్తకాలు వెతికేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. కొట్లు చూడండి, కానీ కొట్టు దగ్గరే ఆగిపోవద్దు. ఆ పుస్తకం ఏ ఇంటినుంచి వచ్చిందో అడిగి ఆ ఇంటికి పోండి. చదవడం రాని ఇళ్ళకు ముఖ్యంగా పోండి. అక్కడ పుస్తకాన్ని ఎవరూ పారేయరు, పొరపాటున తప్ప.

బస్సు పరదరామి దాటి మామిడి తోటల మధ్య పోతుండగా పుస్తకం తీశాను. ముప్పై ఆరేళ్ళ తరువాత ఇది నా చేతిలో ఉంది, నాది. దాన్ని ఇంకొకసారి, ఈసారి నా కోసం చదువుకుందామని మొదటి పేజీ నుంచి నెమ్మదిగా పోయాను. చీకటి కమ్ముకున్న చోట మబ్బు కనిపించింది. నవ్వుకుని పేజీ తిప్పాను. ఇరవై మూడో పేజీ వచ్చింది. నాకు చదవడం వచ్చు. అక్షరాలు అక్కడే, బుడగలో స్పష్టంగా ఉన్నాయి. అయినా వాటికంటే ముందు అన్న ఒళ్ళో అలసిపోయి నిద్రపోతున్న కుర్రవాడే కంటికి కనిపించాడు. లేపడం ఇష్టం లేక పుస్తకం మూసి, చిత్తూరు వచ్చేదాకా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.